రెండు డాబాల నడుమ ఇరవై మీటర్లు

ఆదివారం పొద్దున్నే వరహాలమ్మ మినప వడియాల మధ్యలో ఒక తాళం కప్ప వచ్చి పడింది.

అది పడినప్పుడు ఆవిడ అక్కడ లేదు, మనవడు గవర్రాజు ఉన్నాడు. గవర్రాజు ద్వారకా నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెప్తాడు. రేపు చెప్పబోయే పాఠాన్ని ముందురోజు గాజువాకలో తన ఇంటి డాబా మీద నీళ్ళ ట్యాంకుకి చెప్పి చూసుకోవడం అతని అలవాటు. ట్యాంకు మధ్యలో ఫోన్ చూసుకోదు, సార్ సిలబస్ ఎప్పుడవుతుందని అడగదు. ఆ వేళ పాఠం రక్తసంబంధాలు. ఒకమ్మాయి ఫొటో చూపించి రాము “ఈమె తండ్రి మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు” అన్నాడు, అయితే ఆ అమ్మాయి రాముకి ఏమవుతుంది అని ట్యాంకుని నిలదీస్తుండగా ఈ తాళం దిగింది.

తాళానికి పసుపు రంగు నైలాన్ తాడు కట్టి ఉంది. వింత కనబడితే దాని అంతు చూడనిదే అన్నం సయించని మనిషి గవర్రాజు. తాడు వెంట చూపు పోనిచ్చాడు. అది పిట్టగోడ దాటి, వెనక సందు దాటి, అవతలి డాబా మీద నిలబడ్డ అమ్మాయి చేతిలో తేలింది. ఆ ఇంట్లోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళని తెలుసు గానీ ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

“సారీ అండీ. మీ ట్యాంకు స్టాండు మీదుగా వెయ్యాలనుకున్నాను, గురి తప్పింది.”

“మా ట్యాంకు మిమ్మల్నేటి సేసింది?” అన్నాడు గవర్రాజు. కంగారులో క్లాసు భాష వదిలి ఇంటి భాష వచ్చేసింది.

“ఏం చెయ్యలేదండీ. పాఠం చాలా బుద్ధిగా వింటోంది.”

గవర్రాజు చెవులు ఎర్రబడ్డాయి. ఈలోగా మెట్లెక్కి వరహాలమ్మ వచ్చింది. అతని అమ్మానాన్నలు అనకాపల్లి పక్కన బెల్లం పనుల్లో ఉంటారు కనుక గాజువాక ఇల్లు పూర్తిగా మామ్మ ఏలుబడి. ఆవిడ వడియాలని చూసింది, తాళాన్ని చూసింది, తాడు వెంట అమ్మాయినీ చూసింది.

“ఎవులే గుంటా నువ్వు? ఎన్ని వడియాలు సితికిపోనాయో సూడు. ఇలగొచ్చి మల్లీ పెట్టు.”

ఆ అమ్మాయి సందు చుట్టి వచ్చి, చేతులు కడుక్కుని, గుడ్డ ముందు కూర్చుంది. పేరు హిమబిందు. వాళ్ళది బందరు, తండ్రి రమణమూర్తి పోర్టులో ఉద్యోగం మీద ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆసుపత్రుల్లో మెషిన్లు బాగుచేసే కంపెనీలో ఆమె ఇంజనీరు. వడియాలు పెట్టడంలో మాత్రం ఆమెకి ఏ డిగ్రీ లేదని మొదటి వరసలోనే తేలిపోయింది.

ఇంతకీ తాళం ఎందుకు విసిరావని గవర్రాజు అడిగాడు. తీగ కట్టడానికంది. ఏం తీగ అన్నాడు. యాంటెన్నా అంది. టీవీకా అన్నాడు. కాదు, హామ్ రేడియోకి అంది. ప్రభుత్వం పెట్టిన పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే ఎవరి ఇంటి నుంచి వాళ్ళు, ఫోను లేకుండా, టవర్ లేకుండా, ఒక పెట్టె, ఒక తీగతో లోకంతో మాట్లాడుకోవచ్చట. మొన్న ఇండోనేషియాలో ఒకాయనతో మాట్లాడిందట. ఆ రోజు ఇక్కడిలాగే వాళ్ళ ఊళ్ళోనూ వానేనట.

“ఇండోనేషియా అందినప్పుడు మరి విజయనగరం?”

“అందదు. అదేనండీ నా బాధ.”

ఇక గవర్రాజు కూడా గుడ్డ పక్కన చతికిలబడ్డాడు. అంత దూరం అందినది ఇంత దగ్గర ఎందుకు అందదు? హిమబిందు పిండి చేత్తోనే గాలిలో చూపించింది. ఇప్పుడు తన దగ్గరున్నది పదిహేను మీటర్ల పొడవు అలల బ్యాండ్‌కి కట్టిన పొట్టి తీగ. దాని మాట ఏటవాలుగా పైకెళ్ళి, ఆకాశంలో ఎక్కడో తగిలి, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళందరి నెత్తి మీదుగా దాటిపోతుంది. దూరపు కొండలు నునుపంటారు కదా, ఆ తీగకి దూరపు కొండలే కనిపిస్తాయి. దగ్గరి ఊళ్ళకి కావాలంటే నలభై మీటర్ల బ్యాండ్‌కి రావాలి, అందులో సగం, అంటే ఇరవై మీటర్ల తీగ కట్టాలి. అప్పుడు మాట నిటారుగా పైకెళ్ళి గొడుగులా చుట్టుపక్కల జిల్లాల మీద దిగుతుంది.

ఎలాంటి తీగ అని అతను అడిగితే, ఆమె పిండితో గుడ్డ మీద బొమ్మలు పెట్టింది. ఒకటి, ఏటవాలు గీత: ఒక కొసన మాత్రమే రేడియోకి కలిపే తీగ. దానికి కొసన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకోవాలి, పైగా ఇంట్లోని ఎల్ఈడీ బల్బుల రొదంతా మోసుకొస్తుంది. రెండోది తిన్నని గీత: డైపోల్. తీగని నడిమికి కోసి, అక్కడ కేబుల్ కలిపి, రెండు చేతులూ చెరో వైపు చాపాలి. అన్నిటికన్నా నమ్మకమైనది అదే. కాకపోతే వాళ్ళ డాబా చాలదు. ఇటు కొస ఎవరైనా పట్టుకోవాలి. వెనక సందులో కరెంటు తీగలు లేవు కనుక భయం లేదు.

“ఇంకో రకం లేదేటి?”

“ఇంకేం లేవండీ,” అంది హిమబిందు, పిండి వంక చూస్తూ.

దగ్గరి ఊళ్ళతో అంత పనేమిటన్న ప్రశ్నకి ఆమె పాత సంగతి ఒకటి చెప్పింది. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆమె హైస్కూల్లో ఉంది. తండ్రి పోర్టులో డ్యూటీలో చిక్కుకుపోయాడు. ఫోన్లు చచ్చిపోయాయి, రోడ్లన్నీ చెట్లు. ఉన్నాడో లేడో తెలియక అమ్మా, తనూ వంటింట్లో ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సైకిల్ మీద వచ్చి “మీ నాన్నగారు క్షేమం, రేడియోలో కబురొచ్చింది” అని చెప్పి వెళ్ళిపోయాడు. అతని పేరు కూడా అడగలేదు. ఇప్పుడు ఈ ప్రాంతపు హామ్‌ల క్లబ్బు తుఫాను రోజుల కోసం ఊరికో స్టేషన్ ఎంచుతోంది. మూడు వారాల్లో ఆదివారం పదింటికి రిహార్సల్. పాడేరు, శ్రీకాకుళం, కాకినాడ ఈ మూడింటికీ వినిపించినవాళ్ళకే గాజువాక స్టేషన్ ఇస్తారు.

“ఆ సైకిలాయన బాకీ నేను తీర్చాలండీ,” అంది హిమబిందు.

వరహాలమ్మ ఒక వంకర వడియాన్ని వేలితో సరిచేసి, “కట్టుకో తల్లీ. ట్యాంకేటి అరిగిపోద్దా,” అంది.

కట్టారు. పసుపు తాడు ఇటు కొస ట్యాంకు స్టాండుకి, అటు కొస వాళ్ళ మెట్ల గది కొక్కేనికి, దాని వెంట తీగ. ఆ రోజు నుంచి గవర్రాజుకి రీజనింగ్ మీద కన్నా తీగ మీద ధ్యాస ఎక్కువైంది. కోచింగ్ సెంటర్ నుంచి రాగానే డాబా ఎక్కేవాడు. అటు ఆమె ఉండేది. తాడు బిగించు అనేది, బిగించేవాడు. వదులు చెయ్యి అనేది, వదిలేవాడు. ఒక్కోసారి రెండూ ఒకే నిమిషంలో అనేది, అప్పుడూ కారణం అడిగేవాడు కాదు. తక్కిన విషయాలు మాత్రం అడిగి అడిగి చంపేవాడు. ఆకాశంలో మాట దేనికి తగులుతుంది? రాత్రయితే ఎందుకు మారుతుంది? ఆమె ఓపిగ్గా చెప్పేది, తెలియనిది తెలియదనేది. తెలియదనడానికి సిగ్గుపడని మనిషిని గవర్రాజు మొదటిసారి చూశాడు. అండీలు పోయి ఎప్పుడు నువ్వులయ్యాయో ఇద్దరికీ గుర్తులేదు.

అయితే చిక్కొకటి వచ్చిపడింది. హిమబిందు దగ్గర, కింద రేడియో గదిలో, ఒక మీటర్ ఉంది. తీగలోకి పంపినదాంట్లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో అది చెప్తుంది. తక్కువొస్తే తీగ కుదిరినట్టు. ఉదయం ఏడింటికి ఆ ముల్లు బుద్ధిగా కింద ఉండేది. తొమ్మిది దాటితే పైకి ఎగబాకేది. మధ్యాహ్నానికి మళ్ళీ దిగేది. అన్ని రోజులూ కాదు, కొన్ని రోజులు. రిహార్సల్ ఉన్నదేమో పదింటికి.

ఆమె అతుకులన్నీ మళ్ళీ అతికింది. కేబుల్ మార్చింది. గవర్రాజు ఎండ వేడికి తీగ సాగుతోందేమో అన్నాడు. మబ్బు రోజున కూడా ముల్లు లేచింది. పోర్టు క్రేన్ల మీద అనుమానపడ్డాడు, స్టీల్ ప్లాంటు మీద, తొమ్మిదింటి విమానం మీద కూడా. “విమానం మీటర్‌ని ఏం చేస్తుంది రాజూ?” అంటే, “ఏటో మరి, దాని మొకం నచ్చనేదు నాకు,” అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కోసం మర్నాడు రైల్వేని కూడా అనుమానించాడు.

రిహార్సల్ ముందురోజు, శనివారం, ఇక లాభం లేదని గవర్రాజు తొమ్మిదింటికే వెళ్ళి ట్యాంకు నీడలో కూర్చున్నాడు. అటు ఆమె మీటర్ ముందు కూర్చుని ఫోన్‌లో లైను మీద ఉంది.

మెట్ల మీద బకెట్ చప్పుడయింది. వరహాలమ్మ వచ్చి, ఉతికిన చీర పిండి, మడత పెట్టి, గోడకి ఆనించిన గెడకర్ర తీసుకుంది. కర్ర కొసన చీరని ఎత్తి, ఏళ్ళ తరబడి చేస్తున్న ఒడుపుతో యాంటెన్నా మీద వేసి, బారుగా లాగి సర్దింది. తీగ ఉయ్యాల ఊగి కిందికి జారింది.

“ఇప్పుడే లేచింది రాజూ, ముల్లు. అక్కడ ఏం జరిగింది?” అంది ఫోన్‌లో హిమబిందు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది గవర్రాజుకి. “మామ్మా, అదేటి సేత్తన్నావ్?” అన్నాడు.

“కనబడ్డంనేదేటి? సీర ఆరేత్తన్నాను. తలంటు రోజుల్లో కింద దండెం సాల్డంనేదు. ఇంత బాగా తీగ కట్టుకుని దేనికీ వాడకుండా ఊరికే ఒగ్గీసినారు మీరు.”

గవర్రాజుకి నవ్వొచ్చింది. ఫోన్‌లో మాత్రం నవ్వు వినిపించలేదు. ఐదు నిమిషాల్లో హిమబిందు పరుగున వచ్చింది, మొహంలో రక్తం లేదు. మాట పంపుతున్న సమయంలో తీగ కొసల్లోనే కరెంటు పొగరు ఎక్కువ, తడి చీరతో ముట్టుకుంటే చెయ్యి కాలిపోతుందంది. ఇన్నాళ్ళూ తాను పంపిన ఏ క్షణంలోనూ ఆవిడ చెయ్యి దాని మీద లేకపోవడం అదృష్టమేనంది. వరహాలమ్మ, ఇకనుంచి వెయ్యనులే, దీనికింత ఏడుపెందుకంది. హిమబిందు తల అడ్డంగా ఊపింది.

“రోజూ గుర్తుండదు మామ్మగారూ. ఇంత ఎత్తులో ఉంది కదా, మీకు అందదనుకున్నాను. గెడకర్ర సంగతి నాకు తట్టనే లేదు. తీగ తీసేద్దాం. స్టేషన్ రాకపోతే పోనీ.”

ఆమె వెళ్ళిపోయాక గవర్రాజు ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు. యాంటెన్నాల బొమ్మలు ఒక్కొక్కటే చూస్తూ ఒకచోట ఆగిపోయాడు. ఇన్వర్టెడ్ వీ, అంటే తలకిందుల వీ. నడిమిని ఒక పోల్ మీదికి ఎత్తి, రెండు చేతుల్నీ చెరో పక్కకి దించితే చాలు. చోటు తక్కువ పడుతుంది. వాళ్ళ డాబా పొడవు సరిపోతుంది. కొసలు తల మీది ఎత్తులో, వాళ్ళ గోడల లోపలే ఉంటాయి. పక్క ఇంటి అవసరమే లేదు.

ఆ ఆఖరి సంగతి దగ్గర, హిమబిందు అంటే తనకి ఎంత ఇష్టమో అతనికి ఆ వేళే పూర్తిగా తెలిసింది. ఈ తీగ ఉంటేనే ఆమె రోజూ డాబా మీదికొస్తుంది, తాడు బిగించమంటుంది. తీగ పోతే ఆమె పెట్టె ముందు ఆమె, ట్యాంకు ముందు తను. చెప్పకపోతే మాత్రం రేపు పదింటికి ఆమె నోరు మూసుకుని కూర్చోవాలి, సైకిలాయన బాకీ బాకీగానే ఉండిపోతుంది. అంతసేపు ఆలోచించాల్సిన విషయం కాదని అతనికే అనిపించింది. చెప్పులేసుకుని సందు చుట్టి వెళ్ళాడు.

“ఒకే పోల్‌తో అయిపోద్ది హిమా. మా డాబాతో పన్నేదు. సూడు,” అని ఫోన్ చూపించాడు. “పోల్ కోసం నాను బజారుకెల్తాను.”

హిమబిందు బొమ్మని చూడలేదు. అతన్నే చూసింది, కాస్త ఎక్కువసేపే.

“పోల్ ఉంది,” అంది.

మెట్ల కిందనుంచి దుమ్ము కొట్టుకుపోయిన పొడుగాటి సంచి లాగింది. ఒకదాంట్లో ఒకటి దూరే ఫైబర్ పోల్. దాన్ని నిలబెడుతుండగా సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఉరుములు లేవు కనుక పని ఆపలేదు. రమణమూర్తి అడుగున పట్టుకున్నాడు, గవర్రాజు నడుమ, హిమబిందు తీగ. వాన ఆమె కళ్ళజోడు మీద పడి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, ఆమె అటూ ఇటూ చూసి గవర్రాజు భుజానికే కళ్ళజోడు తుడిచేసుకుంది. అతను పోల్ వదలకుండా నిలబడ్డాడంటే అది అతని గొప్పే. రమణమూర్తి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాడు. తడిసి ముద్దయ్యాక ముల్లు చూస్తే, అడుగున పడుకుని ఉంది.

ఆదివారం పదింటికి ఆ చిన్న రేడియో గదిలో నలుగురూ చేరారు. వరహాలమ్మ స్టూలు మీద కూర్చుంది, ఇస్త్రీ చీర కట్టుకుని. హిమబిందు మైక్ పట్టుకుని తన స్టేషన్ గుర్తయిన కాల్‌సైన్ చెప్పింది. గరగర మధ్యలోంచి పాడేరు పలికింది. కొండల మధ్య నుంచి ఎవరో పెద్దాయన, మీ మాట బాగా అందుతోందమ్మా అన్నాడు. శ్రీకాకుళం పలికింది. కాకినాడ పలకలేదు. రెండోసారి పిలిచింది. గరగర తప్ప మరేం లేదు. గవర్రాజు తనకి తెలియకుండానే తలుపు అంచు గట్టిగా పట్టుకున్నాడు. మూడోసారి నిదానంగా, ఒక్కో అక్షరం విడదీసి పిలిచింది.

“గాజువాక, ఇది కాకినాడ. వింటున్నాం. స్పష్టంగా ఉంది.”

కాసేపటికి కంట్రోల్ స్టేషన్ నుంచి, ఇకపై గాజువాక మీదేనని కబురు వచ్చింది. రమణమూర్తి పోర్టులో ఆ మూడు రోజులు తాను పంపిన కబురు ఇంటికి చేరిందో లేదో తెలియక ఎలా గడిపాడో ఆయనొక్కడికే తెలుసు. కూతురి తల మీద చెయ్యి వేసి, వెంటనే తీసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

గవర్రాజు తమ డాబా మీదికి వచ్చాడు. తీగ పోయింది గానీ, రెండు డాబాల మధ్య పసుపు తాడు అలాగే బారుగా ఉండిపోయింది. దాన్ని విప్పాలి. ట్యాంకు స్టాండు దగ్గర ముడి మీద చెయ్యి వేశాడు, విప్పబుద్ధి కాలేదు. అటు పిట్టగోడ దగ్గరికి రమణమూర్తి వచ్చి నిలబడ్డాడు, సంతోషం పట్టలేక ఎవరితోనైనా మాట్లాడాలని.

“ఎంత సులువుగా అయిపోయిందయ్యా. ఆ పోల్ ఈ ఇంట్లో దిగిన వారంలోనే కొన్నాం. ఎందుకో ఇన్నాళ్ళూ సంచి కూడా విప్పలేదు మా అమ్మాయి,” అన్నాడు.

గవర్రాజు చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. రోజూ రెండు బ్యాచ్‌లకి తర్కం చెప్పే మనిషికి అప్పుడు గాని తర్కం పని చెయ్యలేదు. ఇంట్లో పోల్ పెట్టుకున్నమ్మాయి పక్కింటికి తాళం ఎందుకు విసురుతుంది? పరీక్ష పాసైన మనిషి పిండితో రెండే బొమ్మలు ఎందుకు పెడుతుంది? తండ్రి వెనక హిమబిందు వచ్చి నిలబడింది.

“హిమా, మూడో బొమ్మ నీకు ముందే తెలుసేటి?”

“తెలుసు.”

“మరి ఇంకేం లేవన్నావ్?”

ఆమె పిట్టగోడ మీద చేతులానించింది. దాచే ఓపిక అయిపోయినట్టుంది.

“కొత్తగా దిగినప్పుడు రేడియోలో రొద ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని తెల్లారే డాబా ఎక్కేదాన్ని. నువ్వు ట్యాంకుకి పాఠం చెప్తూ వినిపించేవాడివి. ట్యాంకుకి అర్థం కాలేదని మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడివి. ఇంత ఓపికున్న మనిషెవరా అనిపించింది. ఇండోనేషియాతో మాట్లాడటం నాకు వచ్చు రాజూ. పక్క డాబాతో ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. డైపోల్ అయితే రెండో కొస నువ్వు పట్టుకోవాలి కదా. నిన్న తీగ తీసేద్దామన్నప్పుడు కూడా, అబద్ధం బయటపడుతుందని పోల్ సంగతి చెప్పలేకపోయాను. ఆ తర్వాత నువ్వొచ్చి మీ డాబాతో పన్లేదని చెప్పావే, అప్పుడే నువ్వేనని ఖాయం చేసుకున్నాను. నీకిష్టమేనా?”

“ఇష్టమే. మా డాబాతో పన్నేదని సెప్పడానికొస్తే నాకు పానం పోయినంత పనైంది,” అన్నాడు గవర్రాజు.

మెట్ల దగ్గర వరహాలమ్మ దగ్గింది. చేతిలో తడి చీరల బకెట్ ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

“ఒరే మాస్టరూ, రోజూ ఆ ట్యాంకుని పీక్కుతింటావు కదా, ఇదేటవుద్ది అదేటవుద్ది అని. మరి ఈ గుంట మనకేటవుద్దో సెప్పు.”

గవర్రాజు ట్యాంకు వైపు చూశాడు. అవతల రమణమూర్తి, తాను అన్నీ వింటూనే ఉన్నానని, రెండు డాబాలకీ మధ్య దూరం ఇరవై మీటర్లేనని, దీనికి రేడియో అక్కర్లేదని అన్నాడు. సాయంత్రం అమ్మాయి వాళ్ళమ్మ చేతి కాఫీ తాగడానికి రమ్మని వరహాలమ్మని పిలిచాడు. ముందు అనకాపల్లి ఫోన్ చేసి కొడుక్కీ కోడలికీ ఒక మాట చెప్పి, ఆనక వస్తానందావిడ.

గవర్రాజు ఏం చెయ్యాలో తోచక మళ్ళీ ముడి విప్పబోయాడు.

“అది విప్పకు బాబూ,” అన్నాడు రమణమూర్తి. “మామ్మగారికి దండెం కావాలి కదా.”

గవర్రాజు ఆ ముడిని ఇంకోసారి బిగించి, గోడకున్న గెడకర్ర తీసి మామ్మకి అందించాడు.